గాజుకి ఆనించిన బొటనవేలు

గడియ తియ్యమని పెద్దక్క మళ్ళీ తట్టింది. లోపల మంచం కిర్రుమంది గానీ గడియ కదల్లేదు.

గుమ్మం పక్కన నిన్న పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది. మీద మూత కూడా జరగలేదు.

"మధ్యాహ్నం విచారణ. అక్కడ నువ్వేం చెప్తావో, నేనేం చెప్పాలో ఒక్కసారి అనుకోవాలి కదే. తలుపు తియ్యి."

"అనుకునేదేం లేదు." చెల్లెలి గొంతు దుప్పటి కిందనుంచి వచ్చినట్టు వినిపించింది.

"సరే, అనుకోవద్దు. తినైనా తిను."

మంచం మళ్ళీ కిర్రుమంది.

వంటింట్లో పెద్దక్క భర్త టీ కాచి రెండు కప్పుల్లో పోశాడు. ఒకటి బల్లమీద, ఆమె రోజూ కూర్చునే చోట పెట్టాడు. చక్కెర సరిగ్గా వేశాడు, చెంచా కూడా పక్కనే పెట్టాడు. ఆమె మొహం మాత్రం చూడలేదు. ప్రమాదం జరిగిన రోజు నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. టీ వేళకి అందుతుంది, మాటే అందదు.

ఆమె కూర్చుంది. ఎదురుగా గోడకి తన యూనిఫాం వేలాడుతోంది. ఇస్త్రీ మడత నలగలేదు. సస్పెండయిన మనిషికి ఇస్త్రీ బట్టలెందుకు? అయినా దాన్ని అక్కణ్ణుంచి తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

విమానాల్లో పనిచేసే ఆడా మగా అందరికీ ఆమె పెద్దక్కే. సర్వీసులో పెద్దది, సంఘానికి కార్యదర్శి, ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి సెలవు కోసినా ముందు ఆమెకే ఫోను. ఉత్త "అక్కా" అని పిలిచే హక్కు మాత్రం చెల్లెలు ఒక్కతెకే ఉంది. తల్లి పోయాక ఆ పిల్లకి జడ వేసి బడికి పంపింది, చదివించింది, చివరికి తన ఉద్యోగంలోకే తెచ్చుకుంది. నడక నేర్పినదాన్ని, కదిలే విమానంలో నడవడం కూడా నేనే నేర్పానని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేది.

ఇప్పుడు ఆ పిల్లే గడియ వేసుకుని కూర్చుంది.

గొడవ ఎక్కడ మొదలైందో తల్చుకుంటే పెద్దక్కకి నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. మొదలైంది నేలమీద గడిచే సమయం దగ్గర. విమానం కదిలితేనే వాళ్ళ జీతం మీటరు తిరుగుతుంది, ఆగితే అదీ ఆగిపోతుంది. ప్రయాణికుల్ని ఎక్కించడం, వాళ్ళ పెట్టెలు పైకెత్తి సర్దడం, ఏడ్చే బిడ్డల్ని ఊరుకోబెట్టడం, చివరి మనిషి దిగేదాకా నిలబడి నవ్వడం, ఇదంతా ఊరికే. ఆ పనికీ జీతం కట్టమని సంఘం అడిగింది. కంపెనీ తరఫున చర్చలకి వచ్చే జీతాల ఆఫీసరు మార్కెట్‌ని అడ్డం పెట్టాడు. మార్కెట్లో ఇంకెవరూ ఇవ్వడం లేదన్నాడు. మార్కెట్ రేటు కన్నా మీకే ఎక్కువ ముడుతోందన్నాడు. ఇంతకన్నా తక్కువకి చేస్తామని మార్కెట్లో జనం బారులు తీరి ఉన్నారన్నాడు. మాటకో మార్కెట్ పలుకుతాడని సిబ్బంది ఆయనకి మార్కెట్టుగారని పేరు పెట్టేశారు.

"మార్కెట్లో వంకాయలైనా తూచి తీసుకుంటారు సార్," అంది ఒకనాటి చర్చల్లో పెద్దక్క. "మీరు మా సమయాన్ని తూచకుండానే సంచీలో వేసుకుంటున్నారు."

ఆ మాటకి ఆయన కూడా నవ్వాడు. సంతకం మాత్రం పెట్టలేదు.

అప్పుడు సంఘం సమ్మె చెయ్యలేదు, అంతకన్నా గట్టి దెబ్బ తీసింది. రూలు పుస్తకంలో ఎలా ఉంటే అలాగే, ఒక్కటీ దాటెయ్యకుండా పని చెయ్యమంది. ప్రతి బెల్టూ లాగి చూడాలి, ప్రతి పెట్టె మూతా నొక్కి చూడాలి. రూలు ప్రకారం పనిచేసేసరికి విమానాలన్నీ ఆలస్యం కావడం మొదలైంది. కంపెనీ ఉక్కిరిబిక్కిరైంది. అలా తీర్మానించిన సభలో పెద్దక్క బల్ల ఎక్కి మరీ చెప్పింది. చూడకుండా చూశానని ఎవరూ అనొద్దు, ఈ ఒక్కటీ పట్టుకోండి, వాళ్ళే దిగివస్తారని.

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే తన తలుపు దగ్గరే ప్రమాదం జరిగింది.

విమానం వెనక భాగంలో ఎదురెదురుగా రెండు తలుపులు. ఆపదలో జనం జారి దిగడానికి ప్రతి తలుపులోనూ రబ్బరు స్లైడు మడిచి పెట్టి ఉంటుంది. ఎగిరే ముందు మీట దించి ఆ స్లైడుని సిద్ధంగా ఉంచుతారు. దిగాక ఎత్తుతారు. ఎత్తడం మరిచి తలుపు తెరిస్తే ఆ స్లైడు ఒక్క ఊపులో బయటికి ఉబ్బి, ఎదుట ఏముంటే దాన్ని కొట్టేస్తుంది. అందుకే ఎవరి మీట వాళ్ళు ఎత్తి ఊరుకుంటే చాలదు. వెనక్కి తిరిగి ఎదుటివాళ్ళ మీట కూడా కళ్ళారా చూసి, సరిచూశాను అని చెప్పాలి.

ఆ రోజు ఇటు తలుపు పెద్దక్కది, అటు తలుపు చెల్లెలిది.

మీటమీద చెయ్యి వేసిన గుర్తుంది ఆమెకి. అదే క్షణంలో చివరి వరసలో ముసలాయన బెల్టు ఊడక కేకేశాడు, అటు చూసింది. ఎత్తాననే అనుకుంది. వెనకనుంచి సరిచూశానని చెల్లెలి గొంతు వినబడింది. ఆ గొంతు అన్నాక ఇంక అనుమానమేముంది?

బయట భోజనాల ట్రేలు తెచ్చే బండి వచ్చి ఆగింది. దాని వెనక పెట్టె పైకి లేచింది. పెట్టె ముందు పలక మీద నిలబడ్డ మనిషి తలుపు తట్టాడు. పెద్దక్క తలుపు తీసింది. దించిన మీట దించినట్టే ఉంది, స్లైడు ఉబ్బి అతణ్ణి కొట్టేసింది.

ఆ మనిషిని అందరూ పొడుగోడు అంటారు. అంత ఎత్తునుంచి కిందపడి ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ బండి నడిపేది పెద్దక్క మొగుడే.

*

టీ చల్లారి మీగడ కట్టింది. అతను లేచి తన కప్పు కడిగి బోర్లించాడు. తర్వాత, చేతులు తుడుచుకోకుండానే, కుళాయి వైపు తిరిగి నిలబడే అడిగాడు.

"వేలు చూపించావా?"

ఇన్నాళ్ళకి అతని నోటినుంచి రాలిన మొదటి మాట అది.

వేలంటే ఏమిటో ఆ ఇద్దరికీ తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బయటనుంచి తలుపు తడితే, లోపలివాళ్ళు తలుపుకున్న చిన్న గాజుకిటికీకి బొటనవేలు ఆనించి చూపించాలి. అంతా భద్రం, దగ్గరికి రావచ్చు అని దానర్థం. ఒకప్పుడు ఆ పలక మీద నిలబడి తలుపు తట్టింది ఇతనే. ఏడాదిపాటు ఇతను చూసింది ఆమె బొటనవేలు ఒక్కటే. ఆ గోరుకున్న చిన్న నొక్కు చూసి గుర్తుపట్టేవాణ్ణని పెళ్ళయ్యాక చెప్పేవాడు. నీ మొహం చూసి చేసుకోలేదే, వేలు చూసి చేసుకున్నానని చుట్టాల ముందు ఆటపట్టించేవాడు.

"నేను స్టీరింగు దగ్గరున్నా," అన్నాడు. "నాకు కనబడింది పొడుగోడి వీపే. గాజు కనబడలేదు. అందుకే అడుగుతున్నా."

"చూపించాను."

అతను కుళాయి కట్టేశాడు. అది అంతకుముందే కట్టి ఉంది.

"వాడు వేలు చూడకుండానే ముందుకెళ్ళాడని మా కాంట్రాక్టరు అంటున్నాడు. తప్పు వాడిదేనట. అలా తేలితే మందులకి కూడా దిక్కులేదు." అతను ఆగాడు. "కాళ్ళు గిచ్చితే తెలియట్లేదు వాడికి. వాళ్ళావిడ దుప్పటి కిందనుంచి చెయ్యి పెట్టి గిచ్చి, తెలిసిందా అని అడుగుతుంది. తెలిసిందంటాడు వాడు. ఆవిడ చెయ్యి తీసేసి చాలాసేపయ్యాక కూడా తెలుస్తోందే అంటాడు."

పెద్దక్క బల్ల అంచు పట్టుకుంది.

"మీకు సంఘం ఉంది, సభలున్నాయి, బల్లలెక్కి మాట్లాడతారు. మేమంతా మార్కెట్ రేటుకి వచ్చినవాళ్ళమే. పడిపోతే ఇంకొకడు ఎక్కుతాడు పలక. నిన్న ఎక్కాడు కూడా." అతను ఇప్పుడు తిరిగి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వేలు చూపించానని అక్కడ చెప్తావా?"

"చెప్తే మీట సంగతి కూడా వస్తుంది. మీట సంగతి వస్తే, చూసినవాళ్ళెవరని అడుగుతారు." ఆమె చెల్లెలి గది వైపు తల ఊపింది. "నా ఒక్కదానితో పోయేదైతే ఆ రోజే చెప్పేసేదాన్ని."

అప్పుడు గడియ చప్పుడైంది.

చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. యూనిఫాం వేసుకుంది, జుట్టు ముడి వేసుకుంది. కళ్ళకింద నలుపు పౌడరు రాసినా దాగలేదు. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు.

"బావా, నీ అన్నం కూడా ఆస్పత్రికే పట్టుకెళ్తున్నావట. నువ్వేం తింటున్నావు?"

అతను తువ్వాలు భుజాన వేసుకుని బయటి వసారాలోకి వెళ్ళాడు.

అక్కాచెల్లెళ్ళిద్దరే మిగిలారు.

"కూర్చో," అంది పెద్దక్క.

చెల్లెలు కూర్చోలేదు. గోడకి వేలాడుతున్న అక్క యూనిఫాం చేతిమీద ఏదో దూది పోగుంటే తీసేసింది.

"ఒక్కటడుగుతా, నిజం చెప్పు," అంది పెద్దక్క. "ఆ రోజు ఇటు తిరిగావా?"

"లేదు."

"ఎందుకు?"

"ఇంకెవరున్నా తిరిగేదాన్ని. దగ్గరికెళ్ళి చేత్తో ముట్టుకుని చూసేదాన్ని. అటువైపు నువ్వున్నావు అక్కా." చెల్లెలు ఆ దూది పోగుని వేళ్ళమధ్య నలిపింది. "నువ్వు మర్చిపోతావని నాకు తోచనే లేదు. చిన్నప్పుడు నువ్వు పొయ్యి కట్టేశానంటే నేనెప్పుడైనా లేచి చూశానా?"

 పెద్దక్క తిట్టాలనుకుంది గానీ తిట్టలేదు. ఆ పిల్ల చేసిన తప్పు తన పెంపకంలోంచే వచ్చింది. అక్క చెప్పిందంటే అంతేనని నమ్మేలా పెంచింది తనే.

"నేనూ అంతే కదే," అంది చివరికి. "నీ గొంతు విన్నాక మీట వంక మళ్ళీ చూడలేదు."

 వీధిలో సిబ్బంది వ్యాను హారను మోగింది. చెల్లెలు సంచీ తీసుకుంది.

"ఇప్పట్నుంచే ఎందుకే? అందరం కలిసే వెళ్దాం."

"నేను ముందెళ్తా. నువ్వు బావతో రా." గుమ్మం దాటబోతూ ఆగింది. "నువ్వేం బెంగ పెట్టుకోకు అక్కా. నేను చూసుకుంటాలే."

వ్యాను వీధి మలుపు తిరిగిపోయాక పెద్దక్కకి ఆ మాట చెవిలో గుచ్చుకుంది. చూసుకుంటానంటే ఏం చూసుకుంటుంది?

*

కంపెనీ ఆఫీసులో మార్కెట్టుగారి గది చల్లగా ఉంది. కిటికీలోంచి చూస్తే విమానాల తోకలు వరసగా కనిపిస్తాయి. గది తలుపుకి సగం వరకు గాజు. ఆ గాజు అవతల వరండా బెంచీ మీద పెద్దక్క భర్త కూర్చున్నాడు. లోపలికి రావడానికి అతనికి అనుమతి లేదు.

విచారణకి ముందు ఒక్క మాట మాట్లాడుకుందామని ఆయనే పిలిచాడు. నీళ్ళు ఇప్పించాడు. ఆరోగ్యం అడిగాడు. చర్చల్లో కన్నా మెత్తగా మాట్లాడుతున్నాడు. ఆ మెత్తదనానికే ఆమెకి భయం వేసింది.

ఆయన చెప్పింది చిన్న సంగతే. జీతాల ఒప్పందం సిద్ధంగా ఉంది. ఎగిరే సమయానికి రేటు పెంచుతారు, మార్కెట్ కన్నా కాస్త పైనే. నేలమీద సమయం ఊసు మాత్రం ఉండదు. కార్యదర్శి సంతకం పెడితే చాలు, మిగతా సభ్యులు ఆమె మాట మీద నిలబడతారు. అప్పుడు ఈ విచారణ కూడా సాఫీగా ముగిసిపోతుంది. ఇద్దరి ఉద్యోగాలూ భద్రం.

"సాఫీగా అంటే?"

"మీ తప్పేం లేదని తేలిపోతుంది."

"మరి తప్పు ఎవరిదని తేలుతుంది సార్?"

ఆయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "ఆ మనిషి మా ఉద్యోగి కాదమ్మా. కాంట్రాక్టు మనిషి."

వేలు చూపించానని ఆమె అంది. ఇంట్లో అంత కష్టంగా బయటికి వచ్చిన మాట ఇక్కడ ఇంత తేలిగ్గా వచ్చేసినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. మీట ఎత్తలేదు, వేలు చూపించాను, అతను రూలు తప్పలేదు, తప్పు నాది అని వరసగా చెప్పేసింది. చెల్లెలి ఊసు తేలేదు.

మార్కెట్టుగారు ఆమెని జాలిగా చూశాడు. అది నటన కాదు, నిజంగానే జాలి.

"మీరు ఆలస్యంగా వచ్చారు. మీ చెల్లెలు పొద్దున్నే వచ్చి వాంగ్మూలం ఇచ్చేసింది."

పెద్దక్క నీళ్ళ గ్లాసు పక్కకి జరిపింది.

"మీట ఎత్తే ఉందట. తను దగ్గరికొచ్చి కళ్ళారా చూసిందట. మీరు వేలు చూపించలేదట. ఆ కాంట్రాక్టు మనిషే తొందరపడి పలకని ముందుకి తోసి తలుపుకి తగిలించాడట, ఆ అదురుకి స్లైడు ఊడిందట. నేనేం చెప్పించలేదమ్మా. మీ ఇద్దరిలో ఎవరిని కాపాడుతోందో నేను అడగలేదు కూడా." ఆయన ఒప్పంద పత్రం కాస్త ఇటు జరిపాడు. "మీరు కాదంటే ఆ అమ్మాయి విచారణలో అబద్ధమాడినట్టు. ఇప్పుడు పోయేది ఈ ఉద్యోగం ఒక్కటే కాదు. అబద్ధం చెప్పిందని తీసేసిన మనిషిని మార్కెట్లో ఎవరూ తీసుకోరు."

మొదటిసారి మార్కెట్ అనే మాటకి ఆమెకి నవ్వు రాలేదు.

"దాన్ని పిలవండి," అంది.

చెల్లెలు పక్క గదిలోంచి వచ్చింది. అక్కని చూడకుండా బల్ల అంచు చూస్తూ నిలబడింది. ఆమె యూనిఫాం మెడపట్టీ ఒక పక్కకి జారి ఉంది. ఇంకో రోజైతే పెద్దక్క లేచి సర్దేది.

"ఆ రోజు నావైపు తిరగలేదు నువ్వు," అంది పెద్దక్క. "ఇప్పుడు తిరుగు. నన్ను చూసి చెప్పు."

చెల్లెలు తల ఎత్తింది. ఇన్నాళ్ళ తర్వాత అక్క కళ్ళలోకి సూటిగా చూసింది.  ఒక్క క్షణం పెద్దక్కకి, జడ వేయించుకోవడానికి మోకాళ్ళ ముందు కూర్చున్న పిల్ల కనిపించింది. ఇక చెప్పేస్తుంది, ఇద్దరం కలిసే మునుగుదాం, బయట ఆ బెంచీ మీది మనిషి మొహం చూడగలుగుతాం అనుకుంది.

"చూశాను అక్కా," అంది చెల్లెలు. కళ్ళు తిప్పుకోలేదు. "మీట ఎత్తే ఉంది. నువ్వు వేలు చూపించలేదు."



పెద్దక్క తలుపు వైపు చూసింది. బెంచీ మీద అతను లేడు. లేచి వచ్చి గాజు అవతల నిలబడ్డాడు, ఒకప్పుడు పలక మీద నిలబడ్డట్టే. లోపలి మాటలు అతనికి వినబడవు. ఏదో ఒక సైగ కోసం ఎదురుచూస్తున్నాడు. భుజాన తువ్వాలు అలాగే ఉంది. ఇక్కణ్ణుంచి అతను పోయేది ఆస్పత్రికే. అక్కడ దుప్పటి కింద చెయ్యి పెట్టి కూర్చున్న ఒకావిడకి ఏదో ఒకటి చెప్పాలి.

ఆమె బొటనవేలు పిడికిట్లో బిగుసుకుంది.

"మీ మాట ఒక్కటే మిగిలిందమ్మా," అన్నాడు మార్కెట్టుగారు. ఒప్పందం మీద పెన్ను మూత తీసి పెట్టాడు. పక్కనే విచారణ కాగితం తెల్లగా ఉంది. "మీ చెల్లెలు చెప్పింది నిజమేనా?"

పెద్దక్క పెన్ను అందుకుంది. ఒప్పందం మీదనుంచి తీసి, ఆయన చేతికే తిరిగి ఇచ్చింది.

"రాసుకోండి సార్. మీట నేనెత్తలేదు, వేలు చూపించాను," అంది.

చెల్లెలు కళ్ళు మూసుకుంది.